మంచుసీమల మెకానిక్కు విద్య

జనవరి మాసమున లడఖ్‌లోని ద్రాస్ లోయలో, ఉష్ణమాపకము సున్నకు దిగువ 20 డిగ్రీలను దాటిన యుదయమున, రాత్రియంతయు ఆరుబయట నిలిచియున్న లారీ యొకటి ఎట్టకేలకు కదలి, నాలుగైదు కిలోమీటర్లైనను పోకమునుపే ఇంజను మితిమీరి వేడెక్కినదని ఎఱ్ఱదీపము వెలిగించి నిలిచిపోవుట కద్దు. ఇంత చలిలో ఇంజనుకు ఆ వేడి యెక్కడిదని క్రొత్తగా వచ్చిన మెకానిక్కు విస్తుపోయి స్పానరు వెదకుచుండగా, ఆ సీమలో తలనెరసిన మేస్త్రి బానెట్టెత్తి, రేడియేటరు పైగొట్టమును, క్రిందిగొట్టమును ఒకదాని వెంట నొకటి తాకిచూచి, లోపల గడ్డకట్టినది, ఇంజను ఆపుమని ఒక్క మాటలో తేల్చివేయును. పైగొట్టము చేయి పెట్టరాని వేడిగను, క్రిందిగొట్టము ఱాతివలె బిగిసి చల్లగను ఉండుటయే ఆతనికి సాక్ష్యము.

దీని మర్మము సులభమైనదే. ఇంజను చల్లగా నున్నంతవఱకు థర్మోస్టాటు మూసికొనియుండును. కూలెంటు బ్లాకులోనే తిరుగుచుండును గాని రేడియేటరు వంకకు పోదు. ఆ సమయమున రేడియేటరు ఎదురుగాలికి నిలువునా ఒడ్డబడియుండుటచే, అందలి ద్రవములో గడ్డకట్టనీయని మందు పాలు చాలనిచో, ఆ సన్నని గొట్టములలో మంచుముద్ద పేరుకొనును. ఇక థర్మోస్టాటు తెఱచికొన్నను వేడినీరు పోవుటకు దారి యేది? బ్లాకులోని నీరు మరుగును, ఎఱ్ఱదీపము వెలుగును. చలియే వేడికి కారణమైన యీ విపరీతమును గ్రహింపలేనివాడు థర్మోస్టాటును మార్చును, పంపును మార్చును, యజమానిచేత రేడియేటరునే కొనిపించును. లోపము మాత్రము మఱునాటి యుదయమున మరల ప్రత్యక్షమగును. భాగములను మార్చుట ఆఱుమాసములలో ఎవరికైనను అలవడును. కారణమును నిర్ణయించు శక్తి యరుదు. జీతము పెరుగుట దానినిబట్టియే.

తెలుగుదేశమున పుట్టి పెరిగిన విద్యార్థికి ఈ విషయము వింతగా తోచుట సహజము. లంబసింగిలో మంచు పేరిన ఉదయములను చూచి ముచ్చటపడువారమే గాని, ఇంజను పగిలిపోవునంతటి చలి మనము కనివిని యెఱుగము. రేడియేటరులో నీరు తగ్గినచో కుళాయి క్రింద బకెట్టు పెట్టి నింపుట మన షెడ్లలో నేటికిని కానవచ్చు అలవాటు. ఆ అలవాటుతోనే లడఖ్ చేరిన మెకానిక్కు మొదటి రాత్రియే ఒక ఇంజనును పాడుచేయగలడు; ఏలయన, నీరు గడ్డకట్టునపుడు తన పరిమాణములో సుమారు 9 శాతము పెరుగును, ఆ పెరుగుదలకు పోతయినుము సైతము ఓర్వలేదు. బ్లాకు ప్రక్కలనుండు కోర్ ప్లగ్గులు బయటికి తన్నుకొని వచ్చుట అదృష్టవంతుల పాలు. బ్లాకే బీటవారుట తక్కినవారి పాలు.

కాబట్టి మొదట నేర్వవలసినది మిశ్రమశాస్త్రము. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సమపాళ్ళలో కలిపినచో సుమారు సున్నకు దిగువ 37 డిగ్రీలవఱకు గడ్డకట్టదు. మందు ఎక్కువైన కొలది మేలేగదా యని శుద్ధమైన గ్లైకాలునే పోయువారు గలరు. శుద్ధ గ్లైకాలు సున్నకు దిగువ 13 డిగ్రీల ప్రాంతముననే గడ్డకట్టును. నూటికి 70 పాళ్ళు మించినచో రక్షణ పెరుగుటకు మారుగా తగ్గును. దీనిని తెలిసికొనుటకు లడఖ్ పోనక్కఱలేదు. కళాశాల ప్రయోగశాలలోని డీప్ ఫ్రీజరు సాధారణముగ సున్నకు దిగువ 18 డిగ్రీలలో నుండును. అందు మూడు సీసాలలో ఉత్తనీటిని, నూటికి 25 పాళ్ళ మిశ్రమమును, సమపాళ్ళ మిశ్రమమును ఉంచి మఱునాడు తీసిచూచిన, మొదటిది ఱాయియై, రెండవది మంచుముద్దయై, మూడవది ద్రవముగనే కానవచ్చును. ఇంటి ఫ్రిజ్జులో, తినుబండారముల నడుమ మాత్రము ఈ ప్రయోగము చేయరాదు. గ్లైకాలు తియ్యని విషము, పిల్లలును కుక్కలును రుచికి భ్రమసి ప్రాణము మీదికి తెచ్చుకొందురు. రంగునుబట్టి బలమును ఊహించుటయు పొరపాటే. ఆకుపచ్చనిదైనను ఎఱ్ఱనిదైనను, ఒక చుక్కను రిఫ్రాక్టోమీటరు గాజుపై వేసి, వెలుతురునకెత్తి కంటద్దమునుండి చూచినచో, నీలి తెలుపుల సరిహద్దురేఖ ఏ అంకెపై నిలిచినదో అదియే ఆ ద్రవము గడ్డకట్టు ఉష్ణోగ్రత. ఆ చిన్నపరికరమును వాడుటకు ముందు స్వేదనజలముతో సున్నకు సరిచూచుకొను శ్రద్ధగల మెకానిక్కును ఏ యజమానియు వదలుకొనడు.

నిర్ణయపద్ధతి యంతయు ఇంజను త్రిప్పకమునుపే ఆరంభమగునని విద్యార్థులు గుర్తింపవలెను. రాత్రియంతయు కదలని బండిలో కూలెంటు సెన్సారు, ఇంజనులోనికి పీల్చు గాలి సెన్సారు, బయటి గాలి సెన్సారు మూడును దాదాపు ఒకే యంకెను చూపవలెను. వెలుపల సున్నకు దిగువ 22 ఉండగా కూలెంటు సెన్సారు 15 డిగ్రీల వేడిని చూపినచో, ఆ బండికి బ్లాకు హీటరు తగిలింపని పక్షమున, అబద్ధమాడుచున్నది సెన్సారే. స్కానరు తగిలించి ఈ మూడంకెలను చదువుటకు రెండు నిమిషములు చాలును. చదువనివానికి రెండు దినములు వ్యర్థమగును. ఆపైన కూలెంటు మట్టమును, మిశ్రమబలమును, గొట్టముల క్లాంపులను చూడవలెను. గొట్టముల రబ్బరు చలికి కుంచించుకొనుటచే, రాత్రి బొట్టుబొట్టుగా కారి, ఇంజను వేడెక్కగనే మాయమగు కారుడు ఒకటి గలదు; మధ్యాహ్నము షెడ్డుకు తెచ్చినచో అది కనబడనే కనబడదు. అట్టి బండిని రాత్రి అక్కడనే ఉంచుకొని వేకువనే చూడవలెను. స్టార్టు చేయగనే బెల్టు కీచుమని అరచినచో పంపులో మంచు బిగిసినదేమోయని శంకించి తత్‌క్షణమే ఆపవలెను. గడ్డకట్టినదని తేలిన బండిపై మరుగునీరు కుమ్మరించుట మహాపరాధము. వెచ్చని షెడ్డులోనికి త్రోసి, తనంతట కరగనిచ్చి, పిమ్మట ప్రెషరు టెస్టరుతో కారుడు పరీక్షింపవలెను.

దీనికి సరిగా విపర్యయమైన రోగము, ఇంజను ఎంతకును వేడెక్కకుండుట. థర్మోస్టాటు తెఱచికొనియే యుండిపోయినచో కూలెంటు మొదటినుండియే రేడియేటరునకు పోవును. పైగొట్టము ఆరంభముననే కొంచెము కొంచెముగా వెచ్చనగుట దాని జాడ. ముల్లు సగము దాటదు, కాబినులో హీటరు చల్లని గాలినే వెదజల్లును, ఇంధనము వృథా యగును, స్కానరుపై పి 0128 అను సంకేతము కనబడును. అయితే హీటరు చల్లగా నున్నంత మాత్రమున నేరము థర్మోస్టాటుపై మోపరాదు. కూలెంటు తక్కువైనను, లోపల గాలి చిక్కుకొన్నను, హీటరు కోరు పూడిపోయినను లక్షణమదియే. ముల్లు సరిగా నిలిచియుండి, హీటరు కోరునకు పోవు రెండు గొట్టములలో ఒకటి వేడిగను మఱియొకటి చల్లగను ఉన్నచో కోరే దోషి. కొందఱు డ్రైవర్లు రేడియేటరు ముందు అట్ట కట్టి ఈ రోగమును కప్పిపుచ్చుకొందురు. ఆ యట్ట యెత్తయిన కనుమ నెక్కునపుడు వారినే ముంచును.

ఎత్తు అను మాట వచ్చినది గనుక మూతను గూర్చి ఒక మాట. సముద్రమట్టమున 100 డిగ్రీలవద్ద మరుగు నీరు, సుమారు 3,500 మీటర్ల ఎత్తుననున్న లేహ్‌లో 88 డిగ్రీల ప్రాంతముననే మరుగును. అచట ఇంజనును కాపాడునది రేడియేటరు మూత బిగించియుంచు ఒత్తిడియే. వాషరు పాతబడిన మూత మైదానములో ఏండ్ల తరబడి గుట్టుగా గడిపి, జోజీలా కనుమ నెక్కునపుడు బయటపడును. పొగగొట్టమునుండి వచ్చు తెల్లని ఆవిరిని చూచి హెడ్ గాస్కెట్టు పోయినదని తీర్మానించుటయు తొందరపాటే; చలిలో అది అన్ని బండ్లకును సహజము. ఇంజను పూర్తిగా వేడెక్కిన పిమ్మటను ఆగక, తియ్యని వాసన వేయుచు, కూలెంటు మట్టము తగ్గుచున్నపుడే అనుమానింపవలెను.

ఇక ఉద్యోగముల సంగతి. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థకు 3,528 మీటర్ల ఎత్తుగల జోజీలాపై మంచును తొలగించుట నిత్యకృత్యము. అందుకు వాడు డోజర్లను, టిప్పర్లను నడుపుట డ్రైవర్ల పనియైనను, నడచునట్లుంచుట మెకానిక్కుల పని. ఆ సంస్థ తన ప్రకటనలలో వాహన మెకానిక్కులను ప్రత్యేకముగ పిలుచుచుండును. సైన్యములో వాహనముల మరమ్మతు భారమంతయు ఇ.ఎం.ఇ. (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) దళముపై నున్నది, ఆ దళపు ప్రధాన శిక్షణకళాశాల మన సికిందరాబాదులోనే యున్నదని గమనింపనివారు పెక్కురు. పదవ తరగతి పిదప ఐటీఐలో రెండేండ్ల మెకానిక్ మోటారు వెహికల్, ఒక యేడాది మెకానిక్ డీజిల్, పాలిటెక్నిక్కులో మూడేండ్ల ఆటోమొబైల్ డిప్లొమా అను మూడు దారులు గలవు. నా యభిప్రాయమున, ఐటీఐ ముగిసిన వెంటనే ఆర్టీసీ డిపోలో అప్రెంటిసుగా చేరుట సర్వోత్తమము. అన్ని రకముల రోగములుగల ఇన్ని డీజిలు ఇంజన్లు ఒక్కచోట దొరకుట మఱెక్కడను లేదు.

కెనడాలోని మానిటోబా, సస్కాచువాన్ వంటి రాష్ట్రములలో సున్నకు దిగువ 30 డిగ్రీలు శీతకాలమున సామాన్యము. కార్లకు బ్లాకు హీటరు తగిలించి రాత్రియంతయు కరెంటు ఇచ్చుట అచటి గృహస్థుల అలవాటు. ఆ దేశమున ఈ వృత్తికి రెడ్ సీల్ అను పరీక్ష గలదు. మన ధ్రువపత్రము చూపగనే పని దొరకునని చెప్పు దళారులను నమ్మరాదు. చేసిన పని గంటలకు రుజువులు అడుగుదురు గనుక, మొదటి దినమునుండియే యజమాని సంతకముతో పనిచిట్టా వ్రాసి యుంచుకొనుడు.

ఐటీఐలలో చదువుచున్న విద్యార్థులకు ఒక మనవి. మీ వర్కుషాపులో రిఫ్రాక్టోమీటరు, రేడియేటరు ప్రెషరు టెస్టరు ఉన్నవో లేవో రేపే చూడుడు. లేనిచో పదుగురు కలిసి ప్రిన్సిపాలుగారికి అర్జీ వ్రాయుడు. ఒక మంచి స్కానరు వెలతో పోల్చిచూచిన ఆ రెంటి వెల స్వల్పము.