ఉడాన్: చౌక విమానాలు, చిన్న విమానాశ్రయాలు

పౌర విమానయానం కేంద్ర జాబితా, ఎంట్రీ 29. భారత్‌లో తొలి చౌక విమాన సంస్థ ఎయిర్ డెక్కన్ (2003), వ్యవస్థాపకుడు కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్.

చౌక నమూనా: ఒకే రకం విమానాలు, దిగిన అరగంటలోపే తిరుగు ప్రయాణం, భోజనానికీ నచ్చిన సీటుకూ విడిగా రుసుము. విమానం నేలపై ఉన్నంతసేపూ నష్టమే. అందుకే ప్రయాణికులు తక్కువుండే చిన్న ఊళ్లకు ప్రభుత్వ ఊతం లేనిదే సంస్థలు రావు.

ఉడాన్ (ఉడే దేశ్ కా ఆమ్ నాగరిక్): ఆ ఊతమిచ్చే కేంద్ర పథకం, జాతీయ పౌర విమానయాన విధానం-2016లో భాగం. ప్రారంభం 2016 అక్టోబరు 21. అమలు సంస్థ: భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ. తొలి విమానం 2017 ఏప్రిల్ 27న సిమ్లా-ఢిల్లీ. అదే రోజు కడప-హైదరాబాద్ సర్వీసూ మొదలైంది. మన అభ్యర్థులు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

గంట ప్రయాణానికి తొలి గరిష్ఠ ఛార్జీ రూ.2,500. విమాన సంస్థలకు లోటు భర్తీ నిధి (రాయితీ) 3 ఏళ్లు. అందులో రాష్ట్రాల వాటా 20%, ఈశాన్య రాష్ట్రాలకు 10%.

కర్నూలు (ఓర్వకల్లు) విమానాశ్రయం: ప్రారంభం 2021 మార్చి 25. పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది.

మెయిన్స్‌కు కీలకం కాగ్ నివేదిక (2023). ఉడాన్-3 (మూడో విడత) వరకు కేటాయించిన మార్గాలు 774, మొదలైనవి 371, మూడేళ్లు పూర్తి చేసినవి 112. ఆ తర్వాతా 2023 మార్చి నాటికి కొనసాగినవి 54 మాత్రమే. రాయితీ ఆగితే సర్వీసూ ఆగుతోంది. కట్టిన టెర్మినల్ ఖాళీగా మిగులుతోంది. విశ్లేషణాత్మక ప్రశ్న ఇక్కడి నుంచే రావచ్చు.

ప్రిలిమ్స్‌కు: విమానాల చట్టం-1934 స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం-2024, అమలు 2025 జనవరి 1.