దశరథుని అంజలి

శ్రీమద్రామాయణమును శరణాగతిశాస్త్రమని పెద్దలు వ్యవహరింతురు. విభీషణ శరణాగతి, కాకాసుర శరణాగతి ప్రవచనములలో తరచుగా వినబడును. ఒకే గృహమున భార్యాభర్తల నడుమ జరిగిన అంజలి ఒకటి అయోధ్యాకాండమున 61, 62 సర్గలలో కలదు. దానిని గూర్చి చెప్పువారు తక్కువ.

సుమంత్రుడు శూన్యరథముతో మరలి వచ్చిన పిమ్మట కౌసల్య దుఃఖము కట్టలు తెంచుకొనెను. స్త్రీకి భర్త, పుత్రుడు, జ్ఞాతులు అను మూడు గతులు కలవనియు, తనకు భర్త తనవాడు కాడనియు, పుత్రుడు అడవుల పాలయ్యెననియు దశరథుని నిష్ఠురమాడెను. ఆ నిష్ఠురమునకు ఆధారము కూడ ధర్మశాస్త్రమే. మన యిండ్లలో జరుగునదియు నిదియే గదా! కోపము వచ్చినప్పుడే శాస్త్రము జ్ఞప్తికి వచ్చును. కోడలు ఏకాదశినాడు అన్నము తిన్నదని అత్తగారు, ఇంటిలోని మనిషిని ఏడిపించి చేయు ఉపవాసమునకు ఫలమేమని కోడలు. ఇరువురును చెప్పునది ధర్మమే. వినువారు మాత్రము లేరు.

దశరథుడు వాదమునకు దిగలేదు. వరములిచ్చిన కారణమును వివరింపలేదు. సత్యపాశమును చూపి తన్ను సమర్థించుకొనలేదు. వణకుచు, తలవంచి, చేతులు జోడించి, పరులయందును దయగలదానవు, నన్ను అనుగ్రహింపుమని వేడుకొనెను. ఆ మాటలలో పతిధర్మ ప్రసక్తి లేకపోలేదు. కాని కౌసల్యను కరగించినది ఆ ప్రసక్తి కాదు, జోడించిన చేతులు. ఆమె ఏడ్చుచు పద్మమువంటి ఆ యంజలిని తన శిరస్సున నుంచుకొనెను. ధర్మము తెలిసియు పుత్రశోకముచే అనరాని మాట అంటిననియు, రాముడు వెడలి ఐదు రాత్రులే యైనను ఐదేండ్లుగా తోచుచున్నదనియు చెప్పుకొనెను. నిష్ఠురము వెనుకనున్న అసలు బాధ అప్పుడు బయటపడినది.

అంజలి యనగా అకారవాచ్యుడైన భగవంతుని ద్రవింపజేయునదని వ్యుత్పత్తి. శ్రీ వేదాంతదేశికులు దీనిపై అంజలివైభవము అను రహస్యగ్రంథమునే రచించిరి. భగవంతునే కరగించునది భార్యను కరగింపదా?

ఇచట ఒక జాగ్రత్త అవసరము. మ్రొక్కినవాడు చక్రవర్తి, మ్రొక్కులందినది నొచ్చిన భార్య. ఓర్చుకొమ్మని నొచ్చినవారికే బోధించు పెద్దరికమునకు ఈ సర్గలు ప్రమాణము కానేరవు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము సలహాదారుల సహాయమునకు అవకాశము కల్పించినది. అట్టి సలహాదారులైనను, మనోవైద్యులైనను, ఇంటి పెద్దలైనను, భక్తిగల కుటుంబపు తగవును వినునప్పుడు పూజాపునస్కారములను పక్కకు నెట్టరాదు. వానిని తీర్పుగా ప్రయోగింపనురాదు. ఆ యింట దైవమును గూర్చిన మాట ఎవరిని ఓదార్చుటకు వచ్చుచున్నది, ఎవరి నోరు మూయించుటకు వచ్చుచున్నది అని ముందు కనుగొనవలెను. చేయి చేసికొను ఇంటిలోనైతే, ఓదార్పు కంటె ముందు రక్షణ చూడవలెను.

కౌసల్య మాటలతో కొంత ఊరట నొంది రాజు నిద్రించెను. రాముడు వెడలిన ఆరవరాత్రి అది. అర్ధరాత్రమున మేల్కొని, ఆమెకు వివాహము కాకమునుపు, తాను యువరాజుగా నున్ననాడు, శబ్దమును బట్టి బాణము వేసి మునికుమారుని చంపిన దోషమును ఆమెకే చెప్పుకొనెను. ఆమె ప్రక్కనే యుండి వినెను. తెల్లవారునప్పటికి దశరథుడు లేడు.