లారీ క్యాబిన్‌లో వంటా, పడకా

విజయవాడలో సరుకెత్తుకుని కోల్‌కతా దారి పట్టిన డ్రైవరుకూ క్లీనరుకూ తిరిగొచ్చేదాకా క్యాబినే ఇల్లు. ఆ ఇంటిని ఎలా సర్దుకోవాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. క్లీనరుగా బండెక్కిన రోజుల్లో నేను తిప్పలు పడి నేర్చుకున్నవి చెబుతున్నాను.

ముందు గ్యాస్ సంగతి. 5 కిలోల సిలిండరును సీటు వెనక పడుకోబెట్టి తీసుకెళ్లేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తున్నారు. వంటగ్యాస్ గాలికంటే బరువు. కారితే కిందికి దిగి కాళ్ల దగ్గరే పేరుకుంటుంది, ఒక్క బీడీ నిప్పు చాలు. సిలిండరును క్యాబిన్ బయట, గాలాడే చోట నిలువుగా పెట్టి కదలకుండా కట్టండి. పొయ్యి నేల మీదే, డీజిల్ ట్యాంకుకు దూరంగా, బండికి రోడ్డు లేని పక్కన పెట్టండి. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాకే అగ్గిపుల్ల గీయండి.

బండి ఆపబోయే గంట ముందే కందిపప్పు బిగుతు మూత డబ్బాలో నానేస్తే గ్యాసూ మిగులుతుంది, టైమూ మిగులుతుంది. నూనె సీసా నోటికి పాలిథిన్ ముక్క వేసి మూత బిగిస్తే ఎన్ని గతుకులొచ్చినా చుక్క కారదు. నా బట్టల సంచి మొత్తం నూనెలో నానాక తెలిసిన కిటుకు ఇది. మిగిలిన అన్నం మర్నాటికి దాచొద్దు, ఎండకు క్యాబిన్ కాగిపోతుంది. ఇంటి దగ్గరే పులిహోర పులుసు చిక్కగా కాచి సీసాలో తెచ్చుకుంటే, వేడన్నంలో కలుపుకోవడమే.

ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి, అద్దాలు మూసి పడుకోవద్దు. చలికాలం ఆదిలాబాద్ వైపు వెళ్లినప్పుడు కుంపటి లోపల పెట్టుకోవద్దు. రెండింటి నుంచీ వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

విశ్రాంతి మీ హక్కు. అయిదుగురు, అంతకు మించి పనివాళ్లున్న రవాణా సంస్థలకు 2025 దాకా వర్తించిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకు 8 గంటల పనే అని చెప్పేది. 5 గంటలు దాటకముందే కనీసం అరగంట విరామం ఇవ్వాలని చెప్పేది. ఓనరు ఫోన్ మీద ఫోన్ చేసినా ఆ అరగంట వదులుకోకండి.

ఎండాకాలం నీడగా ఉందని లారీ కింద చాప పరుచుకునే తమ్ముళ్లకు చేతులెత్తి మొక్కి చెబుతున్నాను. మీరు కింద ఉన్నారని తెలియక ఎవరో ఒకరు బండి తీస్తారు. చెట్టు కింద పడుకోండి, ధాబా మంచం మీద పడుకోండి, చక్రాల మధ్య మాత్రం వద్దు.