సూది తర్వాత మూడు నెలలు

సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ముప్పై ఏళ్ల పైచిలుకు ఫిజియోథెరపీ చేశాను. రిటైరైనా, బిడ్డల్ని చంకనేసుకుని తల్లులు మా గుమ్మం ఎక్కుతూనే ఉన్నారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. బిగుసుకున్నది కాలైనా, మూలం మెదడులో ఉంది. పిక్క కండరం వదులు కాక, మడమ ఆనించలేక బిడ్డ మునివేళ్ల మీద నడుస్తుంది. నరం కొస నుంచి కండరానికి వెళ్లే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని బొటాక్స్ సూది ఆపుతుంది. బిగుతు తగ్గుతుంది, అంతే. ఒక్క సూదితో నడక వచ్చేస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

2. వారం లోపే వదులు మొదలవుతుంది. నెల తిరిగేసరికి బాగా తెలుస్తుంది. మూడు నాలుగు నెలలకు మళ్లీ బిగుతు వస్తుంది. ఒక తండ్రి అప్పు చేసి కొడుక్కి సూది వేయించి, పదో వారానికి నా దగ్గరికి తెచ్చాడు. సూది వేసినచోట వ్యాయామం సంగతి ఎవరూ చెప్పలేదట. ఆ పిల్లవాడి కాలు పట్టుకుని కూర్చున్న ఆ పూట నాకిప్పటికీ బాధే. ఆ తర్వాత, సూదికి ముందే తల్లికి సాగదీయడం నేర్పి, ఆమె చేత చేయించి చూశాకే పంపేదాన్ని.

3. సాగదీసి ఊరుకోకండి. బిగుతు పోగానే దాని చాటున ఉన్న నీరసం బయటపడుతుంది. "కాలు ఇదివరకటి కంటే తేలిపోతోందమ్మా" అని తల్లులు బెదిరిపోతారు. పాదాన్ని పైకెత్తే కండరానికి బలం రావాల్సింది అప్పుడే. పొట్టి పీట మీద కూర్చోబెట్టి లేపండి. మెట్టు ఎక్కించండి. గోడకు బొమ్మ తగిలించి అందుకోమనండి. ప్రతిసారీ మడమ నేలకు ఆనాలి. డాక్టరు రాసిన స్ప్లింట్ మానొద్దు. రోజూ ఇంట్లో చేయించే అరగంట, వారానికోసారి మా దగ్గర చేయించే గంట కంటే విలువైనదని నా అనుభవం.

4. చేత్తో మెల్లగా వంచినా మడమ దిగిరాకపోతే కండరం పొట్టిబడిందన్నమాట. అక్కడ సూది ఒక్కటే చాలదు. వారాల తరబడి మార్చి మార్చి వేసే పిండికట్లా, ఆపరేషనా అన్నది ఎముకల డాక్టరు తేలుస్తారు.

5. సూది తర్వాత, వారాలు గడిచాకైనా సరే, మింగడం కష్టమైనా, గొంతు మారినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

6. ఖర్చుకు జంకి మధ్యలో మానేసేవాళ్లే ఎక్కువ. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ కూడా అందులోకి వస్తుంది. సర్కారు జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో (డీఈఐసీ) అడగండి.

సూది తేదీ ఖాయం చేసుకునే ముందు, ఆ తర్వాతి పన్నెండు వారాలకూ ఫిజియోథెరపీ తేదీలు రాయించుకోండి.