చర్మం బిగుసుకునే జబ్బులో బి.పి. పెరిగితే



బి.పి. అనగానే ఉప్పు తగ్గించాలి, మాత్ర మానకూడదు అని మీకు తెలుసు. ఈసారి చెప్పేది వేరు. స్క్లీరోడెర్మా అనే అరుదైన జబ్బులో బి.పి. కొద్ది రోజుల్లోనే విపరీతంగా పెరిగి కిడ్నీలు పాడుకావచ్చు.

ఈ జబ్బు ఆడవారిలో ఎక్కువ. చన్నీళ్ళు తగిలితే వేళ్ళు తెల్లబడి, తరువాత నీలంగా మారతాయి. చర్మం బిగుసుకొని ఉంగరం పట్టదు, నోరు పూర్తిగా తెరుచుకోదు. కొందరు కుష్టు అనుకొని కంచం, గ్లాసు వేరు చేస్తారు. ఇది కుష్టు కాదు, అంటదు. (కుష్టు వచ్చినవారికైనా కంచం వేరు చేయనక్కరలేదు.)

చర్మంలాగే కిడ్నీలోని సన్నని రక్తనాళాలూ మందమవుతాయి. రక్తం చాలక కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. దానితో బి.పి. ఇంకా పెరుగుతుంది, నాళాలు ఇంకా ముడుచుకుంటాయి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, ఫిట్స్, మూత్రం తగ్గడం దీని గుర్తులు. జబ్బు మొదలైన నాలుగైదు సంవత్సరాలలో, చర్మం వేగంగా బిగుస్తున్నవారికి ప్రమాదం ఎక్కువ. వారు వారానికి రెండు మూడుసార్లు బి.పి. చూపించుకొని పుస్తకంలో రాసుకోవాలి. ఎప్పుడూ 110 ఉండేది 140 అయితే "కొంచెమే కదా" అనుకోవద్దు. అదే రోజు డాక్టరు గారికి చూపించండి. పైన చెప్పిన గుర్తులుంటే 108కి ఫోన్ చేయండి.

పూర్వం ఈ స్థితికి వచ్చినవారు చాలామంది కొన్ని నెలల్లోనే చనిపోయేవారు. బ్రెజిల్‌లోని ఒక పాము విషంపై జరిగిన పరిశోధన నుండి కాప్టోప్రిల్ మందు పుట్టింది. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. పాముకాటుకు భయపడే మన పల్నాటివారికి ఇది వింతగానే ఉంటుంది! కాప్టోప్రిల్, ఎనలాప్రిల్ వంటి మందులు ఆలస్యం లేకుండా మొదలుపెడితే ఎంతోమంది బ్రతుకుతున్నారు. మొదట్లో క్రియాటినిన్ పెరిగినా మీ అంతట మీరు మానవద్దు. డయాలిసిస్ అవసరమైనవారిలో కూడా కొందరికి నెలల తరువాత కిడ్నీలు కోలుకుంటాయి.

నాకు ఎక్కువ భయం స్టెరాయిడ్ల గురించి. కీళ్ళు నొప్పులని ఊళ్ళో ఇంజెక్షన్ వేయించుకుంటారు, రెండు రోజులు హాయిగా ఉంటుంది. కానీ ఈ జబ్బు ఉన్నవారిలో స్టెరాయిడ్లు, ముఖ్యంగా రోజుకు 15 మిల్లీగ్రాములు, ఆపైన ప్రెడ్నిసలోన్, ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. ఇప్పటికే వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు గారే తగ్గిస్తారు. ఈ జబ్బును చూసే రుమటాలజీ విభాగం హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది.

బొల్లాపల్లి నుండి వినుకొండ వెళ్ళినా, నరసరావుపేట వెళ్ళినా బి.పి. పుస్తకం, పాత చీటీలు, వాడిన మాత్రల అట్టలు తీసుకువెళ్ళండి. ఇంజెక్షన్ పేరు తెలియకపోతే వేసినవారినే అడిగి కాగితం మీద రాయించుకోండి.