శరణు జొచ్చిన మూగజీవి – గృహస్థుని కర్తవ్యము

శ్రీ గురు బసవలింగాయ నమః

పెంచిన పశువును గాని, వాకిట చేరిన కుక్కను గాని ఇక పోషింపజాలమని తోచినపుడు ఏమి చేయవలెను? గోశాలకో, జంతు శరణాలయమునకో అప్పగించుట పాపమని కొందరు వెనుదీయుదురు. అప్పగించినంతనే పుణ్యము చేకూరినదని మరికొందరు తలంతురు. ఈ రెండును తొందరపాటు తీర్పులే. ఇచ్చిన విధమును బట్టియు, ఇచ్చిన పిదప గృహస్థు నడచుకొను తీరును బట్టియు ధర్మాధర్మములు తేలును.

శరణు అను మాట

శరణమనగా రక్షణము, రక్షించువాడు, ఇల్లు అనియు దానికి అర్థములు కలవు. బసవేశ్వరుని అడుగుజాడల నడచినవారికి శరణులని పేరు. వారు ఒకరినొకరు పలుకరించునపుడు “శరణు శరణార్థి” యందురు. మూగజీవులను చేర్చుకొను చోటునకు శరణాలయమని తెలుగున పేరు కుదురుట ఎంతయు సమంజసము.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య కథ కలదు. చావునకు తరలింపబడుచున్న పొట్టేలొకటి ఆయనను శరణు జొచ్చెను. అది ఆయన పెంచినది కాదు, కొన్నది కాదు. అయినను దానిని విడువక, ధనమిచ్చి కాపాడ నెంచెను. శరణిచ్చుట నోటిమాట కాదనియు, ఇచ్చువాని చేతి సొమ్మును, శ్రమను కోరుననియు ఈ కథ తెలుపుచున్నది. దారిన పోవుచు చొచ్చిన జీవికే ఇంత చేయవలసియుండగా, పదియేండ్లు మెడవంచి దున్నిన ఎద్దుకు గృహస్థు ఎంత ఋణపడియుండునో ఎవరికి వారే ఎంచుకొనవలెను.

కృష్ణా డెల్టాలో వచ్చిన మార్పు

శివపార్వతులు ఏకపీఠమున వెలసిన జలధీశ్వరాలయము గల ఘంటసాలయు, చుట్టుపట్ల చల్లపల్లి, మొవ్వ ప్రాంతములును వరిపొలముల సీమలు. పూర్వము ఇక్కడ దుక్కికి, దమ్ముకు, బండికి ఎద్దులే ఆధారము. ప్రతి దొడ్డియందును గడ్డివామి యుండెడిది. ట్రాక్టరు వచ్చి ఎద్దు పని తీసికొనెను. కోతయంత్రము వచ్చి గడ్డిని చేనంతట చిమ్మివేసెను. దానిని కూర్చి వామి వేయుట ఖర్చుతో కూడిన పనియయ్యెను. ఇట్లు మేతయు తగ్గెను, పశువుతో పనియు తగ్గెను. ఆవు ఈనిన కోడెదూడ ఇంటికి బరువని తోచు కాలము వచ్చెను.

వెనుకటి కాలమున శివుని పేర అచ్చువేసి ఆంబోతును విడుచు ఆచారముండెను. దానిని ఊరంతయు మేపెడిది. విడిచినవాడొక్కడైనను, పోషించువారు అందరు. నేడు త్రాడు విప్పి వీధిలోనికి తోలిన పశువునకు అట్టి ఊరు లేదు. అది కుప్పతొట్టిలో ప్లాస్టికు సంచులను మేయును. వరి మాగాణిలో చల్లిన మినుము చేలో పడినచో రైతు కఱ్ఱకు గురియగును. పిదప బందెలదొడ్డికి చేరును. బందెలదొడ్డి శరణాలయము కాదు. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టము చేను మేసిన పశువును నిర్బంధించుటకు ఏర్పడినది. యజమాని రుసుము చెల్లించి విడిపించుకొననిచో, గడువు దాటిన పిదప వేలము వేయుటకు అందు వీలు కలదు.

ఆకలిదప్పులతో బాధపడునట్లు పెంపుడు జంతువును సరియైన కారణము లేక విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టమున 11వ విభాగము ప్రకారము నేరము. అందు మొదటి తప్పుకు విధించిన జరిమానా పది మొదలు యాబది రూపాయలు మాత్రమే. చట్టము వేసిన వెల స్వల్పమైనను, మనస్సాక్షి వేయు వెల స్వల్పము కారాదు.

వేములవాడ నేర్పు పాఠము

వీధిని విడుచుటకంటె గోశాలకు ఇచ్చుట మేలు. కాని అచ్చటను జాగ్రత్త అవసరమని వేములవాడ ఉదంతము చెప్పుచున్నది. రాజరాజేశ్వరస్వామికి కోడెమొక్కు చెల్లించుట ప్రసిద్ధమైన ఆచారము. కోడెను త్రిప్పి కట్టివేయుటయే గాక, కొందరు కోడెలనే స్వామికి సమర్పింతురు. అవి తిప్పాపూరులోని ఆలయ గోశాలకు చేరును. 2025 మే నెల చివరను, జూన్ నెల మొదటను అచ్చట పలు కోడెలు మరణించెను. చోటునకు మించి పశువులు చేరుటయు, వానలకు బురదయగుటయు కారణములుగా పత్రికలు వ్రాసెను. పిదప కోడెలను రైతులకు పంచి భారము తగ్గించు ప్రయత్నము జరిగినది.

అచ్చట కోడెను సమర్పించినవారందరు భక్తులే. ఒక్కొక్కరు ఇచ్చినది ఒక్క కోడెయే. కాని ప్రతివాడును తన కోడె మేతను మరియొకడు చూచునని తలంచినచో, ఆ మరియొకడు ఎవడును లేకపోవును. పాలు విడువని దూడను తల్లినుండి వేరుచేసి గుంపులో కట్టినచో అది పారుడు రోగముతో క్షీణించును. అట్టి సమర్పణ భక్తి యనిపించుకొనదు.

నాలుగు వందల కిలోల ఎద్దుకు దినమునకు సుమారు ఎనిమిది కిలోల ఎండుమేతయు, ముప్పది నలుబది లీటర్ల నీరును కావలెను. ఏడాదికి దాదాపు మూడు టన్నుల మేత. ఒక ఎకరము వరిగడ్డి అంతయు వేసినను సాధారణముగా దానికి చాలదు. పశువును గోశాల వాకిట నిలిపి, నూటపదహారు రూపాయలు చేతిలోపెట్టి వచ్చువారు ఈ లెక్కను ఒకసారి వేసికొనవలెను.

కుక్కల మాట

వీధికుక్కల త్రోవ వేరు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు వానికి శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెనని చెప్పుచున్నవి. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు, రైలు స్టేషనులు మున్నగు చోట్లనుండి పట్టిన కుక్కలను మాత్రము శరణాలయములకు తరలింపవలెనని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించెను. అందువలన శరణాలయములందు చోటు ఇంకను విలువైనది. బిడ్డల ముచ్చటకై కుక్కపిల్లను తెచ్చి, అది పెరిగి మొరుగుట సాగింపగనే అప్పగింపబూనుట, నిజముగ దిక్కులేని మరియొక జీవి చోటును హరించుటయే.

అప్పగించుటకు ముందు చేయవలసినవి

1. మొదట బంధువులలో, ఊరి రైతులలో పోషింపగలవారిని వెదకవలెను. శరణాలయము చివరి త్రోవ.

2. గోశాలను స్వయముగ చూచిరావలెను. ఎన్ని పశువులకు కొట్టము కలదు, ఎన్ని యున్నవి, నేల పొడిగనున్నదా, పశువైద్యుడు వచ్చునా, క్రొత్తగ వచ్చినవానిని కొన్నాళ్ళు విడిగ కట్టుదురా యని అడుగవలెను. అడిగినందుకు మంచి గోశాలవారు నొచ్చుకొనరు.

3. గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయించిన తేదీలను, చెవిపోగు మీది పండ్రెండంకెల సంఖ్యను వ్రాసి ఇయ్యవలెను. కుక్కయైనచో రేబిస్ టీకా కాగితమును, దాని తిండి అలవాటులను తెలుపవలెను. కరచు గుణమున్నచో దాచరాదు.

4. పాలు మరువని దూడను ఇయ్యరాదు.

5. ఏటేట గడ్డి గాని, దాని వెల గాని పంపవలెను. నాలుగైదు మాసములకొకసారి పోయి చూడవలెను.

మఠములకును ఇందు భాగము కలదు. భక్తులు గోవులను సమర్పింపవచ్చినపుడు చోటు చాలనిచో చాలదని చెప్పుట అపచారము కాదు. చేర్చుకొని చంపుకొనుటకంటె, మేతను మాత్రము స్వీకరించి పశువును పోషింపగల రైతు ఇంటికి చేర్చుట మేలు. దాసోహమనగా ఉన్నదానిని పంచుట; ఆ పంక్తిలో మూగజీవికిని ఒక విస్తరి యుండవలెను.

పశువు తనంత తాను త్రాడు కట్టుకొనలేదు, మనుష్యుడు కట్టెను. ఆ త్రాడు కొనను మరియొకరి చేతికి ఇయ్యవచ్చును. అయితే రెండవ చేయి గట్టిగ పట్టుకొన్నదని చూచుకొనిన పిదపనే మొదటి చేయి సడలవలెను.

శరణు శరణార్థి.