స్కూబా డైవింగ్: నలుగురు వాడిన నోటి గొట్టం శుభ్రమేనా?

విశాఖపట్నం ఋషికొండ దగ్గర, గోవాలో, అండమాన్ దీవుల్లో స్కూబా డైవింగ్ చేయించే కేంద్రాలు ఉన్నాయి. సెలవులకు వెళ్లిన మన యవ్వనస్థులు, కొత్తగా పెళ్లయిన జంటలు సరదాగా ఒకసారి నీటిలో మునిగి చేపలను చూసి వస్తున్నారు. ఆ సామాను ఇంటినుండి తీసుకువెళ్లేవారు అరుదు. ఉదయం ఒకరు నోట పెట్టుకున్నదే మధ్యాహ్నం మరొకరు పెట్టుకుంటారు. గ్లాసు ఎత్తి తాగాలని పిల్లలకు నేర్పిన తల్లికి సందేహం రాక మానదు: అది ఎంగిలి కాదా?

ఎంగిలే. అయితే అది ఎక్కడ ఉంటుందో తెలుసుకోవాలి.

వీపున కట్టే సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అందులో ఉండేది మనం పీల్చే గాలే. దానిని వడగట్టి, సుమారు 200 బార్ల ఒత్తిడితో నింపుతారు. ఆ ఒత్తిడి తగ్గి, గొట్టం ద్వారా గాలి నోటి దగ్గరి రెగ్యులేటర్‌కు వస్తుంది. మనం పీల్చినప్పుడు ఒక కవాటం తెరుచుకుంటుంది. వదిలిన గాలి వేరే కవాటం గుండా బుడగలుగా నీటిలోకి పోతుంది గాని సిలిండర్‌లోకి తిరిగి వెళ్లదు. కనుక ముందు వాడినవారి ఊపిరి సిలిండర్‌లో మిగిలి ఉందేమోనన్న భయం అక్కరలేదు. (వదిలిన గాలినే శుద్ధిచేసి మళ్లీ పీల్చుకొనే రీబ్రీదర్ అనే పరికరం వేరే ఉంది. సరదాకు వెళ్లినవారికి దానిని ఇవ్వరు.)

ఎంగిలి ఉండేది పళ్ల మధ్య పట్టుకొనే మెత్తని సిలికాన్ ముక్క మీద, దాని వెనుక గిన్నెలాంటి గదిలో. ఉమ్మి, కఫం, పడవ ఊపుకు కడుపు తిప్పినవారి వాంతి కూడా అక్కడే చేరతాయి. తడి ఆరకుండా సంచిలో పెడితే బూజు పడుతుంది. తరచుగా డైవింగ్ చేసేవారు నోటి ముక్కను సొంతంగా కొనుక్కొని, ప్లాస్టిక్ కట్టు విప్పి మార్చుకుంటారు. మంచిదే. కాని వెనుక గది మాత్రం అందరిదీ.

“ఉప్పునీరు కదండీ, అన్నీ అదే కడిగేస్తుంది” అని కొందరు అంటారు. ఈ మాట నమ్మవద్దు. సముద్రపు నీరు క్రిమిసంహారిణి కాదు. పడవలో ఒకే తొట్టిలో అందరి సామానూ ముంచి తీస్తే ఉప్పు పోతుంది గాని సూక్ష్మజీవులు చావవు, పైగా ఒకరివి మరొకరి సామానుకు అంటుకోవచ్చు. మొదట సబ్బునీటితో మురికి పోగొట్టాలి. తరువాత క్రిమిసంహారక ద్రావణంలో, డబ్బా మీద రాసినంతసేపు నానబెట్టాలి. ఆపైన మంచినీటితో బాగా కడిగి ఆరబెట్టాలి. ఈ చివరి కడుగుడు వదలకూడదు, ఎందుకంటే బ్లీచింగ్ మిగిలి ఉంటే గొంతు, ఊపిరితిత్తులు మండుతాయి. కోవిడ్ వచ్చిన 2020లో డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వంటి సంస్థలు ఈ విషయమై ప్రత్యేకంగా సూచనలిచ్చాయి.

ఇలా కడగని గొట్టం ద్వారా జలుబు, ఫ్లూ, కోవిడ్ రావచ్చు. పెదవి మీద నీటిపొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ కూడా లాలాజలం ద్వారా అంటుతుంది. పొక్కు ఉన్నవారు అది మానేవరకు ఆగడం న్యాయం.

జనం ఎక్కువ భయపడేది మాత్రం వేరే రెండు జబ్బులకు. హెచ్.ఐ.వి. లాలాజలం ద్వారా అంటదు. క్షయ గాలి ద్వారా వస్తుంది గాని, పాత్రలు, నోటి ముక్కలు ముట్టుకుంటే రాదు. “అతను వాడినది మేము వాడం” అని ఒక యవ్వనస్థుణ్ణి గుంపులో వేరు చేయడానికి వైద్యంలో ఆధారం లేదు.

క్షయ వచ్చి తగ్గినవారు తమ కోసమే ఆగాలి. ఊపిరితిత్తిలో మచ్చలు, గుంటలు మిగిలితే, పైకి వచ్చేటప్పుడు లోపల చిక్కిన గాలి వ్యాకోచించి ఊపిరితిత్తి చిట్లవచ్చు. ఉబ్బసం ఉన్నవారికీ ఈ ప్రమాదం ఉంది. ఒకప్పుడు ఊపిరితిత్తి దానంతటదే కుంగినవారు డైవింగ్ మానుకోవాలి. మామూలు జలుబుతో దిగినా చెవిపొర దెబ్బతినవచ్చు. కేంద్రంలో ఇచ్చే ఆరోగ్య ఫారంలో ఇవేవీ దాచవద్దు. ఎంగిలికంటే ఇది పెద్ద ప్రమాదమని మా అభిప్రాయం.

కళ్లద్దాల మాస్కు సంగతి చెప్పాలి. ఆవిరి పట్టకుండా లోపలి అద్దానికి ఉమ్మి రుద్దడం డైవర్ల అలవాటు. అద్దె మాస్కుకు ఇది తగదు, ఎందుకంటే కళ్లూ ముక్కూ అందులోనే ఉంటాయి. చిన్నపిల్లల షాంపూ ఒక్క చుక్క చాలు.

నీటి అడుగున తోటివారికి గాలి అయిపోతే? పూర్వం ఒకే నోటి గొట్టాన్ని ఇద్దరూ మార్చుకుంటూ చెరి రెండు శ్వాసలు తీసుకొనేవారు. ఇప్పుడు సామానులో రెండవ రెగ్యులేటర్ ఉంటుంది, సాధారణంగా పసుపు రంగుది. దానినీ కడగాలి, ఇసుకలో ఈడ్చుకు వచ్చేది అదే. అయితే ఆ క్షణంలో ఎంగిలి ఆలోచన పెట్టుకోకుండా చేతికి అందినది నోట పెట్టుకోవాలి.

ఒడ్డున ఉన్నప్పుడే అడగండి: “అన్నా, నిన్న వాడాక దీన్ని దేంతో కడిగారు?” మంచి కేంద్రంవారు నొచ్చుకోరు, మందునీళ్ల తొట్టి చూపిస్తారు. “నీళ్లతో” అని ఊరుకుంటే మీ ఎదుటే కడిగించుకోండి.

నీటిలో ఎన్నడూ దిగనివారికి ఇదే సంగతి ఇంట్లో నెబ్యులైజర్‌తో ఎదురవుతుంది. తాతగారికి పెట్టిన మాస్కునే తుడిచి మనవడికి పెడుతుంటారు. యంత్రం ఇంటిల్లిపాదికీ ఒకటి చాలు. మాస్కు, మందు పోసే గిన్నె ఎవరివి వారికి ఉండాలి. వాడిన ప్రతిసారీ వాటిని సబ్బునీటితో కడిగి, శుభ్రమైన గుడ్డపై ఆరబెట్టి, పేరు రాసిన డబ్బాలో పెట్టండి.